గిరిసోల గేటు నుంచి ఢాకా దాకా: భారత్, బంగ్లాదేశ్ తలసరి లెక్కను ఎలా చదవాలి?

2020 అక్టోబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అంచనాల పట్టిక బయటికి రాగానే అందులోని ఒక అంకె మీద దేశమంతా చర్చ మొదలైంది. ఆ ఏడాది బంగ్లాదేశ్ తలసరి జీడీపీ 1,888 డాలర్లు, భారత్‌ది 1,877 డాలర్లు ఉంటుందని ఆ పట్టిక చెప్పింది. తేడా పదకొండంటే పదకొండు డాలర్లు. 1971లో యుద్ధంలో కాలిపోయి, చేతిలో ఏమీ లేకుండా పుట్టిన దేశం మనల్ని దాటిపోయిందని కొందరు బాధపడ్డారు. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలాక గాలి మారింది. ఆ అంకెలన్నీ వండినవేనని, అక్కడ అసలు అభివృద్ధే లేదని మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. 2025లో రెండు దేశాలూ ఒకరి సరుకు మీద ఒకరు సరిహద్దు ఆంక్షలు పెట్టుకున్నాక చర్చ మళ్లీ మొదటికొచ్చింది.

ఇరుగు పొరుగు ఆర్థిక వ్యవస్థల్ని పోల్చడం బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్లకు కొత్త కాదు. గిరిసోల సరిహద్దు గేటుకు అటు ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో ఏది ఎంత, ఇటు ఒడిశాలోని బరంపురంలో ఎంత అన్నది ఇళ్లలో రోజూ నడిచే మాటే. ఆ అనుభవంతోనే ఢాకా లెక్కను కూడా విప్పి చూడొచ్చు.

తలసరి జీడీపీ ఎవరి జేబులోని డబ్బు?

ఒక ఏడాదిలో ఒక ప్రాంతం హద్దుల లోపల తయారైన సరుకులు, అందిన సేవల విలువంతా కూడితే జీడీపీ. దాన్ని జనాభాతో భాగిస్తే తలసరి జీడీపీ. ఇందులో 'హద్దుల లోపల' అన్న మాట కీలకం.

ఆస్కా, హింజిలి వైపు నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన మనిషి నేసిన పాలిస్టర్ చీర గుజరాత్ లెక్కలోకి వెళుతుంది. అతను నెలనెలా ఇంటికి పంపే డబ్బుతో గంజాంలో ఇల్లు లేస్తుంది, పిల్ల పెళ్లి జరుగుతుంది. కానీ ఆ పంపిన సొమ్ము ఒడిశా ఉత్పత్తి కిందికి రాదు. ఇటు కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి ఉద్దానం రోగులు బరంపురం ఆస్పత్రులకు వస్తారు. వాళ్లు కట్టే ఫీజు, లాడ్జి అద్దె, మెస్సులో భోజనం ఖర్చు ఒడిశా ఖాతాలో పడతాయి. డబ్బు శ్రీకాకుళం జిల్లాది, జీడీపీ గంజాంది.

బంగ్లాదేశ్‌కు ఈ తేడా ఇంకా పెద్దది. గల్ఫ్, మలేషియా వంటి విదేశాల్లో పనిచేసే బంగ్లాదేశీయులు 2024-25లో దాదాపు 3,000 కోట్ల డాలర్లు ఇంటికి పంపారు. అది ఆ దేశ జీడీపీలో లేదు. విదేశాల నుంచి వచ్చే ఆదాయాన్ని కూడా కలిపే జాతీయాదాయం లెక్కలోకి మాత్రం వస్తుంది. అందుకే బంగ్లాదేశ్ పత్రికల్లో తలసరి ఆదాయం ఒక రకంగా, అంతర్జాతీయ పట్టికల్లో తలసరి జీడీపీ మరో రకంగా కనిపిస్తాయి. వాదించుకునే ఇద్దరిలో ఒకరు ఇది, ఒకరు అది పట్టుకుంటే ఆ వాదన తెగేది కాదు.

డాలరు కొలబద్ద పొడవు మారుతూ ఉంటుంది

రెండు దేశాల్ని ఒకే పట్టికలో పెట్టాలంటే టాకాను, రూపాయిని డాలర్లలోకి మార్చాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఒక బంగ్లాదేశీయుడి వార్షికాదాయం 2,40,000 టాకాలు అనుకుందాం. 2022 మొదట్లో డాలరు సుమారు 86 టాకాలుండేది. ఆ లెక్కన అతని ఆదాయం 2,790 డాలర్లు. 2025 నాటికి డాలరు 122 టాకాలకు చేరింది. అదే 2,40,000 టాకాలు ఇప్పుడు 1,967 డాలర్లు. అతను అదే పని చేస్తున్నాడు, అదే జీతం తెస్తున్నాడు. పట్టికలో మాత్రం 800 డాలర్లకు పైగా పేదవాడయ్యాడు.

2020లో తక్కువ తేడాతోనైనా బంగ్లాదేశ్ పైన కనబడటానికి ఇదీ ఒక కారణం. అక్కడి కేంద్ర బ్యాంకు టాకాను కొన్నేళ్లపాటు డాలరుకు 84-86 దగ్గరే గట్టిగా పట్టి ఉంచింది. మన రూపాయి ఏటా కొంచెం కొంచెం జారుతూ వచ్చింది. అలా పట్టి ఉంచిన టాకా 2022 తర్వాత ఒక్కసారిగా పడింది. ఉక్రెయిన్ యుద్ధంతో చమురు, గ్యాసు, గోధుమల ధరలు పెరిగాయి. దిగుమతుల బిల్లు కట్టడానికి డాలర్లు చాలలేదు. 2021 ఆగస్టులో 4,800 కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వలు మూడేళ్లలో సగానికంటే కిందికి దిగాయి. 2023 జనవరిలో ఐఎంఎఫ్ దగ్గర 470 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

2024కు వచ్చేసరికి ప్రపంచ బ్యాంకు లెక్కల్లో భారత్ తలసరి జీడీపీ 2,700 డాలర్ల దరిదాపుల్లో, బంగ్లాదేశ్‌ది 2,600 దరిదాపుల్లో ఉంది. అంటే మనం మళ్లీ ముందుకొచ్చాం. ఈ మార్పులో మన వృద్ధి ఎంత, వాళ్ల టాకా పతనం ఎంత అన్నది విడదీయకుండా సంబరపడటం కూడా, 2020లో కుంగిపోయినట్టే, తొందరపాటు.

ఒకే రూపాయి, గేటుకు రెండు పక్కలా రెండు ధరలు

ఇచ్ఛాపురంలో బండి ఉన్నవాళ్లు ఒడిశా వైపు బంకులో పెట్రోలు ఎందుకు కొట్టిస్తారో అందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దానిమీద లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. వెరసి లీటరుకు ఏడెనిమిది రూపాయల తేడా. పది లీటర్లకు డెబ్భై, ఎనభై మిగులుతాయి. నోటు ఒకటే, దాని కొనుగోలు శక్తి గేటు దాటగానే మారింది.

దేశాల మధ్య ఈ తేడాను సరిచేసి చేసే పోలికను కొనుగోలు శక్తి సమానత అంటారు. బియ్యం, అద్దె, బస్సు ఛార్జీ, క్షవరం, డాక్టరు ఫీజు వంటి వందల వస్తువులు, సేవల ధరల్ని ప్రతి దేశంలోనూ సేకరిస్తారు. ఒకే బుట్ట సరుకు కొనడానికి ఎక్కడ ఎంత పడుతుందో చూసి, దాన్నిబట్టి మారకం రేటు కడతారు. బరంపురంలో క్షవరానికి అయ్యే డబ్బుతో న్యూయార్కులో టీ కూడా రాదు కాబట్టి, ఈ పద్ధతిలో మన రూపాయి విలువ బాగా పెరుగుతుంది.

2020 నాటి ఆ పట్టికలోనే ఈ లెక్క కూడా ఉంది, కానీ ఎక్కువమంది చూడలేదు. కొనుగోలు శక్తి ప్రకారం భారత్ 6,284 డాలర్లు, బంగ్లాదేశ్ 5,139 డాలర్లు. అంటే మామూలు డాలర్లలో మనం పదకొండు డాలర్లు వెనక ఉన్న ఏడాదే, ఈ లెక్కలో వెయ్యికి పైగా ముందున్నాం. రెండు అంకెలూ ఒకే సంస్థవి, ఒకే రోజువి.

మరి ఏది సరైనది? మీరు అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. ఒక కుటుంబం ఎంత తింటోంది, ఎలా బతుకుతోంది అన్నదానికి కొనుగోలు శక్తి లెక్క దగ్గరగా ఉంటుంది. చమురు కొనాలి, విదేశీ అప్పు తీర్చాలి అంటే మామూలు డాలరు లెక్కే చూడాలి. ఓడలో వచ్చే గ్యాసుకు క్షవరం చవకని ఎవరూ ధర తగ్గించరు.

2020 అనే ఏడాది రెండు దేశాలకూ ఒకటి కాదు

మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, బంగ్లాదేశ్‌ది జులైలో. 2020 మార్చి చివర్లో రెండు చోట్లా అన్నీ మూతబడ్డాయి. మన 2020-21 ఆ దెబ్బను మొదటి రోజు నుంచీ మోసింది. బంగ్లాదేశ్ లెక్కలో ఆ దెబ్బ రెండేళ్లకు చీలింది. చివరి మూడు నెలలు 2019-20లో, మిగతాది తర్వాతి ఏడాదిలో పడింది.

పైగా భారత్ జీడీపీ 10.3 శాతం పడిపోతుందన్న అంచనా మీద ఆ 1,877 నిలబడింది. తర్వాతి సవరణల్లో మన పతనం 5.8 శాతంగా తేలింది. అటు బంగ్లాదేశ్ 2021లో, జీడీపీ లెక్కకు ప్రాతిపదికగా తీసుకునే ఆధార సంవత్సరాన్ని 2005-06 నుంచి 2015-16కు మార్చింది. కొత్తగా వచ్చిన వ్యాపారాలన్నీ లెక్కలోకి ఎక్కడంతో ఆ దేశ జీడీపీ కాగితం మీద దాదాపు 15 శాతం పెరిగింది. పాత లెక్కతో కొత్త లెక్కను కలిపి గీత గీస్తే అక్కడ అబద్ధపు ఎత్తు ఒకటి కనిపిస్తుంది.

ఢాకా సగటు పడేది గిరిసోలకు రెండు పక్కల మధ్య

నూట నలభై కోట్లకు పైబడిన దేశం సగటును పదిహేడు కోట్ల డెల్టా దేశం సగటుతో పోల్చడం అంత సరైన పోలిక కాదు. రాష్ట్రాలతో పోల్చి చూస్తే దృశ్యం మారుతుంది.

2023-24లో ఆంధ్రప్రదేశ్ తలసరి ఆదాయం సుమారు 2.4 లక్షల రూపాయలు, ఒడిశాది సుమారు 1.6 లక్షలు, బిహార్‌ది దాదాపు 67 వేలు. డాలరు 83 రూపాయలనుకుంటే ఆంధ్ర 2,900 దగ్గర, ఒడిశా 1,930 దగ్గర, బిహార్ 800 దగ్గర తేలతాయి. రాష్ట్రాల అంకెలు యంత్రాలు, భవనాల తరుగుదల తీసేసినవి కాబట్టి జీడీపీ లెక్కకు ఇంకొంచెం పైకి జరపాలి. అలా జరిపినా వరుస మారదు. ఆంధ్ర బంగ్లాదేశ్‌కు పైన, ఒడిశా కింద, బిహార్ చాలా కింద.

అయితే గేటు దాటి పాతిక కిలోమీటర్లు ఇటు రాగానే మనుషులు మూడో వంతు పేదలైపోతారా? కారు. ఆంధ్ర సగటును విశాఖపట్నం, కృష్ణా, గోదావరి జిల్లాలు పైకి లాగుతాయి. శ్రీకాకుళం ఆ రాష్ట్రంలో అట్టడుగు జిల్లాల్లో ఒకటి. ఒడిశా సగటులో అనుగుల్, ఝార్సుగుడా, కేందుఝర్ గనులు, కర్మాగారాల విలువ ఉంది. ఆ డబ్బంతా అక్కడి పల్లెల్లోనే ఉండిపోదు. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న రెండు ఊళ్లలో పెద్దాసుపత్రి, పట్టు బజారు ఉన్నది బరంపురంలో, తలసరి అంకె పెద్దగా ఉన్నది ఇచ్ఛాపురం ఉన్న రాష్ట్రంలో. సగటు మీద ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

బంగ్లాదేశ్ కుట్టు పరిశ్రమ ఎలా లేచింది

అంకెల గొడవ పక్కన పెడితే, బంగ్లాదేశ్ సాధించింది నిజంగా ఉంది. దాని పునాది రెడీమేడ్ దుస్తులు. ఆ దేశ ఎగుమతుల్లో నూటికి ఎనభైకి పైగా ఇవే. 2024-25లో వీటి విలువ దాదాపు 3,900 కోట్ల డాలర్లు. అదే ఏడాది భారత్ రెడీమేడ్ ఎగుమతులు 1,600 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉన్నాయి. పత్తి పండేది మన దగ్గర, బంగ్లాదేశ్‌లో పత్తి దాదాపు లేదు. అయినా ఇంత తేడా ఎలా వచ్చింది?

1974 నుంచి ధనిక దేశాలు ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు కొనాలో కోటాలు పెట్టాయి. దక్షిణ కొరియా కోటా నిండిపోయింది. కోటా మిగిలి ఉన్న దేశం కోసం వెతుకుతున్న కొరియా కంపెనీ దేవూ, 1979లో బంగ్లాదేశ్‌కు చెందిన దేశ్ గార్మెంట్స్‌తో చేతులు కలిపింది. 130 మందిని కొరియాకు తీసుకెళ్లి ఆరు నెలలపాటు కుట్టుపని, నాణ్యత తనిఖీ, అమ్మకాలు నేర్పింది. వాళ్లలో ఎక్కువమంది తర్వాత బయటికొచ్చి సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, లేదా వేరేవాళ్ల ఫ్యాక్టరీలు నడిపారు. పరిశ్రమ అలా విత్తనం చల్లినట్టు పాకింది.

డబ్బు లేనివాడు ఫ్యాక్టరీ ఎలా నడిపాడన్నదే ఇందులో అసలు కిటుకు. అమెరికా కొనుగోలుదారు పంపిన ఎగుమతి ఎల్‌సీని (సరుకు అందితే డబ్బు కడతామని అతని బ్యాంకు ఇచ్చే హామీపత్రాన్ని) స్థానిక బ్యాంకులో పెడితే, దాని హామీ మీదే బ్యాంకు గుడ్డ దిగుమతికి రెండో ఎల్‌సీ తెరుస్తుంది. దీన్ని 'బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ' అంటారు. గుడ్డ వచ్చాక సుంకం కట్టనక్కర్లేకుండా బాండెడ్ గోదాములో దించుకోవచ్చు. కుట్టి, ఓడెక్కించి, కొనుగోలుదారు డబ్బు పంపాక గుడ్డవాడి బాకీ తీరుతుంది. యజమాని పెట్టాల్సింది షెడ్డు, మిషన్లు, నెల జీతాలు మాత్రమే.

అదే కాలంలో మన దేశంలో దుస్తుల తయారీని చిన్న పరిశ్రమలకే కేటాయించారు. నేత గుడ్డ దుస్తులపై ఆ కేటాయింపు 2000 దాకా ఉంది. అంటే వెయ్యి మిషన్ల ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడికి దారి మూసేశారు. చిన్నవాణ్ని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ లక్ష చొక్కాలు ఒకే రంగులో, ఒకే కొలతలో, ఒకే తేదీకి కావాలనే కొనుగోలుదారుడికి యాభై మిషన్ల షెడ్డు పనికిరాలేదు.

బంగ్లాదేశ్ ఎగుమతి అంకెను చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. చైనా నుంచి రెండున్నర డాలర్ల గుడ్డ తెచ్చి, చొక్కా కుట్టి అయిదు డాలర్లకు పంపితే ఎగుమతి అయిదు డాలర్లే, కానీ దేశానికి మిగిలింది రెండున్నర. టీషర్టుల వంటి అల్లిక బట్టల్లో నూలు చాలావరకు అక్కడే వడుకుతారు కాబట్టి మిగులు ఎక్కువ. నేత గుడ్డకు చైనా, భారత్ మీద ఆధారపడక తప్పదు.

సూరత్ మగ్గం దగ్గర మగవాడు, ఢాకా మిషన్ దగ్గర ఆడపిల్ల

గంజాం పాఠకులు ఆగి చూడాల్సింది ఇక్కడ. రెండూ బట్టల పనులే, రెండూ పల్లె వదిలి చేసే పనులే. సూరత్‌కు వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరుకింత కూలీ, మెస్సు గదిలో ఒకరు లేస్తే ఇంకొకరు పడుకునే చాప. ఇంట్లో ఆడవాళ్లు ఊళ్లోనే ఉంటారు, వాళ్ల చేతికి సొంత జీతం రాదు. ఢాకా, గాజీపూర్, చిట్టగాంగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే సుమారు 40 లక్షల మందిలో ఎక్కువమంది ఆడవాళ్లు. జీతం తన పేర రావడంతో అమ్మాయి పెళ్లి వయసు పెరిగింది, చదువు మీద ఇంటివాళ్ల చూపు మారింది.

ఆ జీతాన్ని మాత్రం గొప్పగా ఊహించుకోవద్దు. 2023 డిసెంబరు నుంచి కనీస వేతనం నెలకు 12,500 టాకాలు. 2025 మారకం రేటుతో మన డబ్బులో తొమ్మిది వేల రూపాయల లోపు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావార్‌లో రాణా ప్లాజా అనే కుట్టు ఫ్యాక్టరీల భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపనివాళ్లను మాత్రం మర్నాడు పొద్దున్న లోపలికి పంపారు. జీడీపీలోకి ఆ ఏడాది ఎగుమతులు ఎక్కాయి, ఆ ప్రాణాల లెక్క ఎక్కలేదు. అది ఏ దేశం విషయంలోనైనా గుర్తుంచుకోవలసిన మాట.

ఆరోగ్యంలో వాళ్ల ముందడుగుకు ఫ్యాక్టరీలొక్కటే కారణం కాదు. 1990లో శిశుమరణాల రేటు బంగ్లాదేశ్‌లోనే ఎక్కువ. తర్వాతి కాలంలో వాళ్లు మనకంటే మెరుగయ్యారు. 1980ల్లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తల్లులకు ఒక ద్రావణం నేర్పారు: మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర శేరు నీళ్లు. కోటికి పైగా ఇళ్లకు ఇది చేరింది. విరేచనాలతో పోయే పసిప్రాణాలు దాంతో నిలిచాయి. 1994 నుంచి పెద్ద నగరాలు తప్ప దేశమంతా హైస్కూలు ఆడపిల్లలకు స్టైపెండు ఇచ్చారు. ఇవేవీ పెద్ద ఖర్చువి కావు, ధనిక దేశమయ్యే దాకా ఆగాల్సినవీ కావు.

లోపల పుచ్చు ఎక్కడ పట్టింది

బంగ్లాదేశ్‌ను పూర్తిగా కొట్టిపారేసేవాళ్ల దగ్గరా గట్టి ఆధారాలున్నాయి. 2024 జులైలో అక్కడి కేంద్ర బ్యాంకే ఎగుమతుల లెక్క సవరించింది. ఒకే సరుకు రెండేసి సార్లు నమోదు కావడం వంటి కారణాలతో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఎక్కువ చూపినట్టు తేలింది. హసీనా దిగిపోయాక ఆగస్టులో వచ్చిన ముహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వం ఆర్థికవేత్త దేవప్రియ భట్టాచార్య నాయకత్వాన శ్వేతపత్ర కమిటీ వేసింది. 2009 నుంచి 2023 వరకు ఏటా సగటున 1,600 కోట్ల డాలర్లు అక్రమంగా దేశం దాటాయని ఆ కమిటీ అంచనా కట్టింది, వృద్ధి అంకెల్ని పెంచి చూపారనీ చెప్పింది. పడిపోయిన ప్రభుత్వం మీద కొత్త ప్రభుత్వం వేయించిన కమిటీ కాబట్టి, దాని అంకెల్ని కూడా అంచనాలుగానే తీసుకోవాలి.

బ్యాంకుల సంగతి మరీ అన్యాయం. పలుకుబడి ఉన్నవాళ్ల బాకీల్ని మళ్లీ మళ్లీ గడువు పెంచి మంచి అప్పులుగా చూపిస్తూ వచ్చారు. నిబంధనలు బిగించాక దాచినవన్నీ బయటపడ్డాయి. 2024 డిసెంబరు నాటికి మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో అయిదో వంతు దాటాయి, ఆ తర్వాత ఇంకా పెరిగాయి. పన్నుల వసూలు జీడీపీలో ఏడెనిమిది శాతమే. మన దగ్గర కేంద్రం, రాష్ట్రాలు కలిపి పదిహేడు, పద్దెనిమిది శాతం ఉంటుంది. అంత తక్కువ పన్నుతో బడులు, ఆస్పత్రులు, రోడ్లు నడపడం కష్టం. 2024 జులైలో అక్కడి ధరల పెరుగుదల 11.66 శాతానికి చేరింది. వీధుల్లోకి వచ్చిన యువకుల కోపానికి ప్రభుత్వ ఉద్యోగాల్లోని కోటాలతోపాటు వంటింటి ఖర్చు కూడా కారణమే.

మన లెక్కలకూ ప్రశ్నలు తప్పలేదు. 2011-12 నుంచి 2016-17 వరకు భారత్ వృద్ధిని ఏటా 2.5 శాతం పాయింట్ల మేర ఎక్కువ చూపారని మాజీ ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ 2019లో వాదించారు. ప్రభుత్వం ఆ పద్ధతి తప్పని ఖండించింది. పనిచేస్తున్న, పని వెతుక్కుంటున్న ఆడవాళ్ల శాతం 2017-18లో 23.3 ఉంటే 2023-24కు 41.7కు పెరిగిందని సర్వేలు చెబుతున్నాయి. కానీ ఆ పెరుగుదలలో చాలా భాగం సొంత పొలంలో, కొట్లో జీతం లేకుండా చేసే పని. ఢాకా ఫ్యాక్టరీలో నెల జీతంతో అది సమానం కాదు.

ముందున్న తేదీ: 2026 నవంబరు 24

ఆ రోజున బంగ్లాదేశ్ అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి బయటికి రావాలని ఐక్యరాజ్యసమితి తేదీ పెట్టింది. గౌరవమే, కానీ దాంతో సుంకం లేని మార్కెట్ హక్కు కూడా పోతుంది. ఐరోపా సంఘం 2029 దాకా గడువు ఇస్తోంది. తర్వాత చొక్కాల మీద పది శాతం అటూ ఇటూగా సుంకం పడే అవకాశం ఉంది. అయిదు డాలర్ల చొక్కాకు అది అర డాలరు. యజమాని లాభం చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది.

మరోపక్క 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అది అమలైతే మన దుస్తులు ఆ దేశానికి సుంకం లేకుండా వెళతాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గంలో మన నూలు రాకుండా ఆపింది. మే నెలలో మనం వాళ్ల రెడీమేడ్ బట్టల్ని భూమార్గంలో ఆపి, కోల్‌కతా, నావా షేవా రేవుల గుండా మాత్రమే రానిచ్చాం. నూలు ఓడెక్కితే రోజులు పెరుగుతాయి, ఆర్డరు గడువు దాటితే విమానంలో పంపాలి, ఆ ఖర్చుకు చొక్కా మీద లాభం పోతుంది. ఇటు నూలు మిల్లువాడికి దగ్గరి కొనుగోలుదారు దూరమయ్యాడు. ఢాకా వదులుకునే ఆర్డర్లు ఇటు వస్తాయా, వియత్నాంకు పోతాయా అన్నది ఇక్కడ వెయ్యి మిషన్ల ఫ్యాక్టరీలు ఎన్ని లేస్తాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అలాంటివి గోపాల్‌పూర్ రేవుకు, విశాఖకు మధ్య ఎక్కడైనా లేస్తే, సూరత్ రైలెక్కే గంజాం మనిషికీ, ఊళ్లోనే ఉండిపోతున్న అతని చెల్లెలికీ పని ఇంటి దగ్గరే దొరుకుతుంది.